నూటపదహార్ల స్తూపం

రాత్రి బండిలో స్లీపర్ బెర్తు, స్టీలు క్యారియర్లో పులిహోర, ఇద్దరికీ కలిపి ఆరు వేలు దాటని ఖర్చు. ఓ తల్లీకొడుకులు సాంచీ వెళ్లి, రెండు వేల ఏళ్ల కిందటి చందాదారుల పేర్లు చూసొచ్చిన కథ ఇది.

"గుడి లేని ఊరికి తీర్థయాత్ర ఏందిరా?"

నాంపల్లి స్టేషన్లో దక్షిణ ఎక్స్‌ప్రెస్ కోసం కూర్చున్నప్పుడు అమ్మ అడిగిన మాట. ఒళ్లో క్యారియరు, భుజాన శాలువా, కాళ్ల దగ్గర ఒకే ఒక్క బ్యాగు. సాంచీ అంటే ఆమెకు తెలిసిందల్లా రెండొందల నోటు వెనక ఉండే, బోర్లించిన గిన్నె లాంటి బొమ్మ. నోటు తిప్పితే కనపడేదాని కోసం అంత దూరం పోవాలా అని ఆమె అనుమానం.

నిజానికి సాంచీ ఆలోచన పుట్టింది మా ఊరి రామాలయంలోనే. నాన్న పోయిన ఏడాది అమ్మ అక్కడో ఫ్యాను ఇచ్చింది. మూడు రెక్కల మీద పెయింటుతో మూడు ముక్కలు: ఒకదాని మీద ఇంటిపేరు, ఒకదాని మీద నాన్న పేరు, మూడోదాని మీద 'జ్ఞాపకార్థం'. ఫ్యాను తిరిగితే ఏదీ కనపడదు. కరెంటు పోతేనే నాన్న పేరు చదవగలం. ఆ రెక్కల వంక చూస్తున్నప్పుడు, ఇలా పేర్లు రాసుకున్న స్తూపం ఒకటుందని ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. ఆ సంగతి అమ్మకు ముందే చెప్పలేదు. అక్కడికి వెళ్లాక తనే చూస్తుందని ఊరుకున్నా.

ఒక రాత్రి, ఒక పగలు

దక్షిణ ఎక్స్‌ప్రెస్ బాగా పొద్దుపోయాక కదులుతుంది. భోపాల్ సుమారు 970 కిలోమీటర్లు. మర్నాడు సాయంత్రానికి దింపుతుంది. స్లీపర్ టికెట్టు మనిషికి ఐదు వందలకు అటూ ఇటూ. పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది కాబట్టి అమ్మకూ పూర్తి చార్జీయే. అయితే టికెట్టు తీసేటప్పుడు వయసు సరిగ్గా రాస్తే, ఖాళీ ఉన్నంతలో కింది బెర్తు దానంతటదే వస్తుంది. మాకు వచ్చింది.

కాజీపేట నిద్రలో దాటిపోయింది. రామగుండం దాటాక చక్రాల చప్పుడు మారితే మెలకువొచ్చింది. గోదావరి వంతెన. కిటికీ అవతల చీకటి తప్ప ఏమీ లేదు. ఆ చీకట్లోనే, ఎగువన, శాతవాహనుల తొలి నాణేలు దొరికిన కోటిలింగాల ఉంది. మేం వెళ్తున్నది కూడా ఆ రాజుల కాలపు పని చూడటానికే.

బల్లార్షాలో తెల్లారింది. 'చాయ్' యాస మారింది. నాగ్‌పూర్‌లో డజను కమలాలు కొన్నాం. ఆ తర్వాత సాత్పురా కొండలు, సొరంగాలు. సొరంగం వచ్చినప్పుడల్లా పక్క బోగీ పిల్లలు కేకలు పెట్టారు. ఇటార్సీ దాటాక నర్మద వంతెన వచ్చింది. అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, దణ్ణం పెట్టి, నీళ్లలోకి విసిరింది. "ఇక్కడికొచ్చిన ఫలం సగం దక్కింది. మిగతా సగం నువ్వు చూపిస్తావో లేదో!"

భోపాల్ స్టేషన్ దగ్గర మామూలు లాడ్జిలో దిగాం. పొద్దున్నే వీధి బండి దగ్గర పోహా, జిలేబీ. అటుకుల ఉప్మా పక్కన జిలేబీ పెట్టుకుని తినడం అమ్మకు మొదట వింత. తర్వాత రెండో జిలేబీ తనే అడిగింది.

సాంచీ అక్కణ్ణించి 46 కిలోమీటర్లు. బీనా వైపు వెళ్లే ప్యాసింజరెక్కితే చాలు. దీవాన్‌గంజ్, సలామత్‌పూర్ మధ్య ఎక్కడో కర్కట రేఖ దాటతాం. పక్కనే పోతున్న రోడ్డు మీద ఆ గీత పేరుతో బోర్డు ఉంది, ఆగి ఫొటోలు దిగేవాళ్లు ఉంటారు. బడిలో భూగోళం మీద చుక్కల గీతగా చూసినదాన్ని పాతిక రూపాయల టికెట్టుతో దాటడం నాకు సరదాగా అనిపించింది. అమ్మ మాత్రం పక్కనావిడ చేతిలో మెంతికూర కట్ట ధర కనుక్కునే పనిలో ఉంది.

రాతిలో వడ్రంగం

సాంచీ స్టేషన్ చిన్నది. బయటికొస్తే ఎదురుగా గుట్ట. ప్రవేశ రుసుం మనిషికి 40 రూపాయలు, 15 ఏళ్ల లోపు పిల్లలకు లేదు. ఆటో పైదాకా వెళ్తుంది. మేం నెమ్మదిగా మెట్లెక్కాం.

అశోకుడి కాలంలో, అంటే క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో, ఇక్కడ కట్టింది ఇటుక స్తూపం. ఇప్పటి దానిలో సగం ఉండేది. తర్వాతి శతాబ్దంలో దానికి రాతి తొడుగు వేసి పెంచారు, చుట్టూ ప్రాకారం కట్టారు. చివరగా నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు లేచాయి. అడ్డంగా 36 మీటర్ల పైన, నిలువుగా 16 మీటర్ల పైన ఉండే ఈ గోపురం లోపల గది గానీ, గర్భగుడి గానీ లేవు. అంతా నిండు కట్టడమే.

అమ్మ మా తాతల నాటి వడ్రంగి పని చూసి పెరిగిన మనిషి. ప్రాకారం ముందు నిలబడి చెయ్యి వేసి తడిమింది. నిలువు కంబాలకు తొలులు కొట్టి, వాటిలోకి అడ్డ కమ్మీలు దూర్చారు. కమ్మీలు మధ్యలో ఉబ్బి అంచుల్లో సన్నబడతాయి. "ఇది కొయ్యపని కదరా, రాతితో చేశారేంది?" అంది. సరిగ్గా పట్టుకుంది. అప్పటిదాకా చెక్కతో కంచె కట్టడమే అలవాటైన చేతులు, తొలిసారి రాయి మీదకు మళ్లినప్పుడు అదే పద్ధతిలో అతికాయి.

తూర్పు తోరణం మధ్య దూలం కింద చాలాసేపు నిలబడ్డాం. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్తున్న దృశ్యం. ఒకే గుర్రం నాలుగుసార్లు చెక్కి ఉంటుంది, నడక సాగుతున్నట్టు. దాని పైన గొడుగు పట్టి ఉంటుంది. గొడుగు కింద, గుర్రం మీద ఎవరూ ఉండరు.

"మనిషేడీ?"

ఈ తోరణాలు చెక్కిన కాలంలో ఇక్కడి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపలేదని చెప్పాను. చెట్టు, చక్రం, పాదాల గుర్తులు, ఖాళీ ఆసనం... వీటిని చూసి ఆయన ఉన్నాడని తెలుసుకోవాలి. దూలం చివర గుర్రం వెనక్కి తిరుగుతుంది. ఆ వెనక్కొచ్చే గుర్రం మీద గొడుగు లేదు.

అమ్మ ఏమీ అనలేదు. మా ఇంటి వసారాలో నాన్న పడక్కుర్చీ ఇంకా అక్కడే ఉంది. అందులో ఎవరం కూర్చోం.

'దానం' అనే మాట

ప్రదక్షిణ మొదలుపెట్టింది అమ్మే. బుద్ధుడి స్తూపం చుట్టూ విష్ణు సహస్రనామం చదువుకుంటూ. రెండో చుట్టులో ఆగి, ప్రాకారం కంబం మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడేదో గీకారు చూడు. ఇదిగో, దీని మీదా ఉంది."

ఆ క్షణం కోసమే ఆగాను. "చందాలిచ్చిన వాళ్ల పేర్లమ్మా."

"మన రామాలయం ఫ్యాను మాదిరా?"

"అచ్చం అట్లాగే."

ఈ గుట్ట మీద ఇలాంటి చిన్న శాసనాలు వందల కొద్దీ ఉన్నాయి. ఒక కంబం ఒకరిది, ఒక కమ్మీ ఒకరిది, నేల మీద పరిచిన ఒక పలక ఇంకొకరిది. ఫలానా ఊరి ఫలానా భిక్షుణి. ఉజ్జయిని నుంచి ఫలానా గృహస్థు భార్య. నేతపని వాడు. లేఖకుడు. వ్యాపారి. ఫలానావాడి తల్లి. ఉజ్జయిని, విదిశ, నందినగరం, మాహిష్మతి అంటూ ఊళ్ల పేర్లు. ఇచ్చినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ప్రాకారం ఏ ఒక్క రాజూ ఖజానా తెరిచి కట్టించింది కాదు. ఊళ్లమ్మట పోగైన చిన్నచిన్న మొత్తాలు రాళ్లుగా మారి ఇక్కడ వరసలో నిలబడ్డాయి.

ఈ చందాల పట్టీయే మన చరిత్రకు తాళంచెవి అయిందన్నది ఇంకా గొప్ప సంగతి. 1837 దాకా బ్రాహ్మీ లిపి చదవగలిగినవాడు లేడు. అశోకుడి శాసనాలు దేశమంతా బండల మీద ఉన్నా వాటి నోరు పెగల్లేదు. కలకత్తా టంకశాలలో పనిచేసే జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ నుంచి వచ్చిన ఈ చిన్న శాసనాల నకళ్లు ముందేసుకుని చూస్తుంటే, దాదాపు ప్రతిదీ ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నట్టు కనిపించింది. ఇవి కానుకలైతే చివర ఉండాల్సిన మాట 'దానం' కదా అని ఊహించాడు. ద, న దొరికాయి. అక్కణ్ణించి ఒక్కో అక్షరం విడిపోయింది. చక్రవర్తి మాట అర్థం కావడానికి దారి చూపింది నేతగాడి చందా.

ఆ మాట వెతకడం ఎవరికైనా సాధ్యమే. బ్రాహ్మీలో 'న' అంటే తలకిందులు చేసిన ఇంగ్లిషు 'టీ'. నిలువు గీత, కింద అడ్డ గీత. దాని పక్కన చుక్క ఉంటే 'నం'. మన సున్నాకు ముత్తాత ఆ చుక్క. అమ్మకు చూపించాను. మూడో చుట్టులో సహస్రనామం పక్కన పెట్టి, ఒక్కో కంబం దగ్గర ఆగి, చివర తలకిందుల టీ, చుక్క కనపడగానే "దానం" అని పైకి చదివింది. నాలుగో తరగతితో చదువాపేసిన మనిషి. పదకొండు చోట్ల చదివింది. లెక్కపెట్టింది కూడా ఆమే.

రాజుగారి మేస్త్రి

దక్షిణ తోరణం పై దూలం మీద మాత్రం ఒక రాజు పేరుంది, శాతకర్ణి. అయితే దాత ఆయన కాదు. ఆయన దగ్గర పనిచేసే శిల్పుల పెద్ద, వాసిష్ఠి కొడుకు ఆనందుడు. అంటే మేస్త్రి. తన గురించి చెప్పుకునేటప్పుడు రాజుగారి పేరు ముందు పెట్టాడు, తల్లి పేరు తర్వాత పెట్టాడు, ఆ తర్వాతే తన పేరు. మన దక్కను నేలిన వంశానికి, ఈ కొండకు నడుమ రాతిలో మిగిలిన ముడి ఆ మేస్త్రి పేరు.

అదే తోరణం స్తంభం మీద మరో మాట. ఆ చెక్కుడు పని విదిశలో దంతం చెక్కేవాళ్లు చేశారట. అది తెలిశాక శిల్పాలు వేరేగా కనపడతాయి. జానెడు చోటులో అంతమంది మనుషులు, చెట్లు, ఏనుగులు, జడల అల్లికలు. ఏనుగు దంతం మీద పనిచేసిన చేతికి రాయి ఎంత పెద్ద మైదానంలా అనిపించి ఉంటుందో!

ఈ తోరణానికి ఓ చిన్న శాపం కూడా ఉంది. కూలిపోయి ఉన్నదాన్ని 1882-83లో తిరిగి నిలబెట్టేటప్పుడు దూలాలను ముందువైపు వెనక్కి తిప్పి అతికారు. అది అలాగే ఉండిపోయింది. పక్కనే విరిగిన అశోక స్తంభం. దాన్ని స్థానిక జమీందారు ఒకడు చెరుకు గానుగ కోసం పగలగొట్టించాడు. అమ్మ ఆ మొదలు మీద మెరుపును చేత్తో రాసి చూసి, "అద్దంలాగుంది, దీంతో బెల్లం చేశాడా" అని నోరు నొక్కుకుంది.

మిగిలిన రాళ్లు, పోయిన రాళ్లు

మా అమ్మ పుట్టిల్లు అమరావతికి దగ్గర. చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికి పోయేటప్పుడు దీపాలదిన్నె పక్కనుంచి నడిచేవాళ్లట. "అక్కడేమీ ఉండేది కాదురా. దిబ్బ. అంతే." ఆ దిబ్బ కింద ఉన్న మహాస్తూపం సాంచీకి ఏ మాత్రం తీసిపోయేది కాదని చెబితే నమ్మలేదు.

18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తూ ఆ దిబ్బ రాళ్లు వాడుకున్నాడు. సంగతి విని కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి, అక్కణ్ణించి కొన్ని లండన్ వెళ్లాయి. ఇవాళ అమరావతి శిల్పంలో చాలా భాగం చూడాలంటే చెన్నై ప్రభుత్వ మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి.

సాంచీ 1818లో బయటపడింది. దానికీ దెబ్బలు తగలకపోలేదు. 1822లో నిధి కోసమన్నట్టు స్తూపాన్ని నిలువునా తవ్వేశారు. ఆ దెబ్బకు పడమటి తోరణం కూలింది. 1850ల్లో తోరణాలను విక్టోరియా రాణికి కానుకగా పంపే మాట కూడా నడిచింది. 1857 తిరుగుబాటు అడ్డొచ్చింది, అంత బరువు మోసే దారీ లేకపోయింది. చివరికి తూర్పు తోరణానికి ప్లాస్టర్ అచ్చు తీసి లండన్ తీసుకెళ్లారు. అసలు రాయి ఉన్నచోటే మిగిలింది. తర్వాత భోపాల్ నేలిన షాజహాన్ బేగం, సుల్తాన్ జహాన్ బేగం దీని రక్షణకు డబ్బిచ్చారు. 1912 నుంచి 1919 దాకా జాన్ మార్షల్ అడవి కొట్టించి, కూలినవి నిలబెట్టి, ఇప్పుడు మనం చూస్తున్న రూపం తెచ్చాడు. 1989లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది. బౌద్ధ స్తూపాన్ని ముస్లిం రాణులు నిలబెట్టారు. చందాదారుల పట్టీలో వాళ్ల పేర్లు చివరి వరస అనుకోవచ్చు.

చిత్రమేమిటంటే, దక్షిణ తోరణం దూలాలు తిరగబడ్డ కాలంలోనే ఆ మరమ్మతులు చూసిన హెచ్.హెచ్. కోల్, అమరావతి విషయంలో మాత్రం గట్టిగా వాదించాడు. శిల్పాలను వాటి చోటునే ఉంచాలి, మ్యూజియాలకు అచ్చులు చాలు అన్నాడు. సాంచీలో ఆ మాట చెల్లింది. మన దగ్గర చెల్లేసరికి ఆలస్యమైపోయింది.

అమరావతిలోనూ దాతలు ఇలాంటి వాళ్లే. ఒక పలక మీద పూర్ణఘటం, కింద ఇచ్చినవాడి పేరు: చర్మకారుడు విధికుడు. తోలు పని చేసుకునేవాడు కుటుంబంతో కలిసి ఇచ్చిన కానుక. ఇవాళ ఆంధ్రప్రదేశ్ అధికారిక చిహ్నం నడిమధ్యలో ఉన్నదీ అమరావతి పూర్ణఘటమే.

మనం చేసే పొరపాటు

మేం వెళ్లింది శుక్రవారం. గుట్ట కింద మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇంటి దగ్గరే చూసుకోవాల్సింది, చూసుకోలేదు. అమ్మ ఓ చూపు చూసింది. శనివారం విదిశ వెళ్తూ మళ్లీ దిగి, అశోక స్తంభం మీది సింహాలను చూసి అప్పు తీర్చుకున్నాం.

సాంచీ నుంచి విదిశ పది కిలోమీటర్లే. అశోకుడి భార్య దేవి ఆ ఊరి వ్యాపారి కూతురని సింహళ గ్రంథాలు చెబుతాయి. లంకకు బయల్దేరే ముందు కొడుకు మహేంద్రుడు తల్లిని చూడటానికి ఇక్కడికొచ్చాడట. విదిశ పక్కన ఉదయగిరి గుహల్లో భూదేవిని కోరతో ఎత్తుతున్న నిలువెత్తు వరాహమూర్తి ఉన్నాడు. రెండో చంద్రగుప్తుడి కాలపు శాసనం ఒకటి క్రీ.శ. 401-02 నాటిది. ఊరి అవతల ఒంటరిగా నిలబడ్డ రాతి స్తంభం. తక్షశిల నుంచి వచ్చిన గ్రీకు రాయబారి హెలియోడోరస్ వాసుదేవుడి పేర నిలిపిన గరుడధ్వజం అది. ఊళ్లోవాళ్లు 'ఖాంబ్ బాబా' అని మొక్కుతారు.

"గుడి లేని ఊరన్నావు కదా" అన్నాను.

"గరుడ స్తంభం ఉందని ముందు చెప్పొద్దూ!" అంది అమ్మ, చెంపలేసుకుంటూ.

జేబు లెక్క

వెళ్లాలనుకునేవారి కోసం, మా ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు:

రానూపోనూ స్లీపర్ టికెట్లు: 1,960 రూపాయలు
భోపాల్లో రెండు రాత్రులు లాడ్జి: 1,800
సాంచీ, విదిశ ప్యాసింజర్లు, బస్సులు: 200
ఉదయగిరి, గరుడ స్తంభం చూపించిన ఆటో: 700
ప్రవేశ రుసుములు: 140
తిండి, చాయ్, కమలాలు: 1,100
మొత్తం: 5,900

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలం ఆ రాతి మీద నడవలేం. సాంచీలోనే ఉండాలంటే శ్రీలంక మహాబోధి సొసైటీ వారి విశ్రాంతి గృహం స్టేషన్ దగ్గరే ఉంది. స్తూపానికి పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు ఎండలోనే శిల్పాలు, అక్షరాలు తేటగా కనపడతాయి. శుక్రవారం మాత్రం వెళ్లకండి.

తిరుగు బండి

శనివారం రాత్రి తిరుగు బండి గంటన్నర ఆలస్యం. భోపాల్ ప్లాట్‌ఫారం మీద శాలువా కప్పుకుని, మిగిలిన కమలం ఒలుస్తూ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"ఆ తోలుపనాయన, మన అమరావతిలో... ఏం పేరన్నావు?"

"విధికుడు."

"ఈసారి అక్కడికి పోదాం."

"అక్కడేమీ లేదన్నావు కదమ్మా. దిబ్బేనన్నావు."

"రాళ్లు పోతే పోయినయ్. చోటెక్కడికీ పోలేదుగా." కమలం తొన సగం చేసి నా చేతిలో పెట్టింది. "గుంటూరు నుంచి బస్సు టికెట్టు ఎంతుందో కనుక్కో."